పదకొండులో దాక్కున్న ఒకటి: సవర మాటల ప్రాజెక్టు డైరీ

జూన్, మొదటి ఆదివారం

సీతంపేట దాటి కొండ ఎక్కేసరికి పదిన్నరయింది. ఇరువైపులా జీడితోటలు, మధ్యలో అనాస మొక్కలు. అనుకున్న పని చిన్నదే. వంద సవర మాటలు రికార్డు చేయాలి. వాటి ధ్వనులు కంప్యూటర్లో చూడాలి. తర్వాత అదే కుటుంబానికి చెందిన మిగతా భాషల పక్కన పెట్టి, ఎక్కడ కలుస్తున్నాయో నా కళ్లతో చూసుకోవాలి. నేను భాషాశాస్త్రం చదవలేదు, కంప్యూటర్ల పని చేసుకునేవాణ్ణి. సవర భాష కంబోడియా ఖ్మేర్‌కి, వియత్నామీస్‌కి బంధువని ఒకచోట చదివాను. మా జిల్లా కొండ మీది మాటకి అంత దూరం చుట్టరికమా అని అప్పటినుంచి కుతూహలం పట్టుకుంది.

మాటలు చెప్పడానికి ఒప్పుకున్నది ఒక పెద్దాయన. నేను తాతా అంటాను. ఆయన మనవరాలు డిగ్రీ చదువుతోంది. తెలుగుకీ సవరకీ మధ్య సాయం ఆ అమ్మాయిదే. ఎందుకు రికార్డు చేస్తున్నానో ఇద్దరికీ చెప్పాను. పేర్లు ఎక్కడా రాయనని కూడా చెప్పి సరేననిపించుకున్నాను.

మొదటి రోజు పని దాదాపు వృథా. ఫోన్‌తోనే కానిచ్చేద్దామనుకున్నాను. ఇంటికొచ్చి హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే మాటల చివర్లు లేవు. గోల తగ్గించడానికి ఫోన్ తనంతట తానే చేసే పనిలో, తక్కువ శబ్దంతో ఉన్న చివరి హల్లులన్నీ గాలికి పోయాయి. కోడికూత మాత్రం శుభ్రంగా పడింది. ఆ ఫోల్డర్‌కి ‘చెత్త’ అని పేరు పెట్టి పక్కకి తోశాను.

జూన్, రెండో ఆదివారం

చొక్కాకి తగిలించే మైకు, చిన్న రికార్డరు కొన్నాను. కుదించని వేవ్ ఫైళ్లు, సెకనుకి 44,100 శాంపిళ్లు. ఫ్యాన్ ఆపించాను. తాత చెమటలు తుడుచుకుంటూ కూర్చున్నాడు పాపం.

కుక్కతో మొదలుపెట్టాను. ఆయన చెప్పింది కన్సోద్. తొలి అక్షరంలోని అచ్చు మన ‘అ’ కాదు, ‘ఇ’ కూడా కాదు. నోరు పెద్దగా తెరవకుండా మధ్యలో పలికే అచ్చు. తెలుగు లిపిలో దానికి గుర్తు లేదు కాబట్టి అకారంతోనే రాస్తున్నాను. నేను తిరిగి పలికాను. తాత తల అడ్డంగా ఊపాడు.

“అలాగ్గాదు బాబూ. సివర్న నోరు మూసీయాల. నువ్వు తెరిసీసినావు.”

నేను ‘కన్సోదు’ అన్నానన్నమాట. బస్‌ని బస్సు, కార్‌ని కారు చేసుకున్న నోరు కదా, చివర ఉకారం తగిలించకుండా ఊరుకోదు. పది సార్లు ప్రయత్నిస్తే ఒకసారి కుదిరింది. సవరలో మాట చివరి బ్, ద్, గ్ లాంటివి పూర్తిగా బయటికి రావు. నాలుక వెళ్లి తాకుతుంది, గొంతు బిగుస్తుంది, అంతే, విడుదల ఉండదు. సవర చేరే ముండా గుంపు భాషల్లో సాధారణంగా కనిపించే లక్షణం ఇది. సంతాలీలో కూడా ఇంతే.

రాత్రి ప్రాట్‌లో తెరిచి చూశాను. ఇది ఆమ్‌స్టర్‌డామ్‌లో ఇద్దరు పరిశోధకులు తయారుచేసి ఉచితంగా ఇస్తున్న సాఫ్ట్‌వేర్. శబ్దాన్ని బొమ్మగా చూపిస్తుంది. విడుదలయ్యే హల్లుకి అక్కడ సన్నని నిలువు చార పడుతుంది. నా ‘కన్సోదు’లో చార ఉంది, తాత ‘కన్సోద్’లో లేదు. మరి విడుదలే లేకపోతే అది ద్ అని, బ్ కాదని చెవికి ఎలా తెలుస్తోంది? జవాబు హల్లులో లేదు, దాని ముందున్న అచ్చులో ఉంది. బొమ్మలో అచ్చు ఒకదాని మీద ఒకటి అడ్డ పట్టీలుగా కనిపిస్తుంది. తలకి వాళ్ల మాట బొబ్. అందులో ఒకారం ముగిసేచోట రెండో పట్టీ కిందికి వంగింది. కన్సోద్‌లో అదే ఒకారం చివర పైకి లేచింది. రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టుకుని ఒంటిగంట దాకా చూస్తూ కూర్చున్నాను. పొద్దున ఆఫీసులో ఆవలింతలు.

జూన్, మూడో వారం, మధ్యలో ఒకరోజు

మాటలు ఎలా రాసుకోవాలన్న గొడవ. అంతా తెలుగు లిపిలోనే రాయాలని పెట్టుకున్నాను. ఒక చిత్రం జరిగింది. ఒకటో తరగతిలో దిద్దించి, ఆ తర్వాత జన్మలో వాడనివ్వని రెండు అక్షరాలున్నాయి కదా, ఙ, ఞ. అవి ఇక్కడ ప్రాణం పోసుకున్నాయి. కాలు జె-ఎఙ్. పట్టుకోవడం ఞమ్. మాట ఞకారంతోనే మొదలవుతుంది! మన వర్ణమాలలో ఖాళీగా పడి ఉన్న గదుల్లోకి ఎవరో సామాను తెచ్చి పెట్టినట్టుంది. మనం వాడే ఒత్తక్షరాలు ఖ, ఘ, థ, ధ వీళ్లకి అక్కర్లేదు. హకారం వినపడలేదు. చకారం ఉండాల్సిన చోట సకారం వినిపిస్తోంది.

జె-ఎఙ్ మధ్యలో ఆ గీత ఏమిటంటే, అక్కడ గొంతు ఒక్క క్షణం టక్కున మూసుకుని తెరుచుకుంటుంది. నీళ్లు ద-అ. చెయ్యి సి-ఇ. మొదట్లో నేను వీటిని దీర్ఘాలనుకుని ‘దా’, ‘సీ’ అని రాసేశాను. బొమ్మలో చూస్తే ఆ చోట గొంతు కంపనాలు ఎడం ఎడంగా, గతుకుల రోడ్డు మీద బండిలా పడుతున్నాయి. నలభై మాటలు మళ్లీ రాసుకోవలసి వచ్చింది.

ఈ చెవి గిడుగు వెంకట రామమూర్తి గారికి ఎప్పుడో ఉంది. మనకి ఆయన వ్యావహారిక భాషోద్యమకారుడిగానే తెలుసు. ఆగస్టు 29న ఒక దండ వేసి ఊరుకుంటాం. పర్లాకిమిడిలో పంతులుగా ఉండగా సవర నేర్చుకుని, దశాబ్దాలు దాని మీద పనిచేసి, 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు అచ్చు వేయించారు. దీర్ఘాల్లాంటి తేడాలు ప్రత్యేక గుర్తులతో చూపించారు. మన్యం జ్వరానికి వాడిన క్వినైన్ ఆయన వినికిడిని తినేసిందంటారు. ఇంత సన్నని తేడాలు పట్టుకున్న చెవికి ఆ గతి పట్టడం తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

సవరలకి సొంత లిపి కూడా ఉంది. సొరంగ్ సొంపెంగ్ అంటారు. 1936లో ఒడిశా వైపు మంగేయి గొమాంగో తయారు చేశారు. అక్షరాలు 24, ఒక్కోదానికి ఒక్కో దేవత పేరు. 2012లో యూనికోడ్‌లోకి వచ్చింది. మనవరాలికి ఫోన్‌లో చూపించాను. మా బడిలో తెలుగు అక్షరాలతోనే నేర్చుకున్నాం సార్, అంది.

జూలై మొదటి వారం

పెద్ద పొరపాటు, నాదే.

పోల్చడానికి షీటు కట్టాను. మొదటి నిలువు వరసలో సవర, తర్వాత సంతాలీ, ఖ్మేర్, వియత్నామీస్. దగ్గరి బంధువు ఒకటి ఉంటే బాగుంటుందని గదబ మాటల జాబితా ఒకటి సంపాదించి ఎక్కించాను. గదబ ముండా భాష అని చదివి ఉన్నాను. ఎంత చూసినా ఒక్క మాట కలవదు. నీళ్లకి ‘నీర్’ అని ఉంది. ఖ్మేర్ వాళ్లకైనా అందుతున్నాయి గానీ పక్క కొండ వాళ్లకి అందకపోవడమేమిటి? రెండు రోజులు టెన్షన్ పడ్డాను, సవర కుటుంబం గురించి చదివినదంతా తప్పేమోనని.

తప్పు వేరే చోట ఉంది. గదబ అనేది జనం పేరు. ఆ పేరుతో పిలిపించుకునేవాళ్లు రెండు కుటుంబాల భాషలు మాట్లాడతారు. గుతోబ్ గదబ ముండా భాష. ఒల్లారి గదబ ద్రావిడ భాష, అంటే తెలుగుకి చుట్టం. నా చేతికి దొరికింది ఒల్లారి జాబితా. నీర్ మన నీరే! కులం పేరు చూసి భాష ఇంటిపేరు రాయకూడదని షీటు పైన ఎర్ర అక్షరాలతో రాసుకున్నాను.

వర్గీకరణ నేను అర్థం చేసుకున్నంత వరకు ఇదీ. ఆస్ట్రోఏషియాటిక్ ఒక పెద్ద కుటుంబం. అటు వియత్నామీస్, ఖ్మేర్, బర్మాలో మోన్, మేఘాలయలో ఖాసీ. ఇటు ఒడిశా, జార్ఖండ్, మన ఉత్తరాంధ్ర కొండల్లో ముండా కొమ్మ. ముండా అన్న పేరు 1854లో మాక్స్ ముల్లర్ పెట్టాడు. మోన్, ఖ్మేర్ భాషలతో కలిపి ఒకే కుటుంబమని గట్టిగా చూపించింది 1906లో విల్‌హెల్మ్ ష్మిట్. ముండాలో సంతాలీ, ముండారీ, హో, కుర్కూ ఉత్తరపు గుంపు. సవరకి మరీ దగ్గరివి గోరుమ్, జురాయ్. గోరుమ్ మాట్లాడేవాళ్లనే మనవైపు పరెంగి పోర్జ అంటాం. 2011 జనాభా లెక్కల్లో సవర మాతృభాషగా రాయించుకున్నవాళ్లు నాలుగు లక్షలకి పైనే. ఎక్కువమంది ఒడిశాలో, తర్వాత మనవైపు, కొందరు అస్సాం తేయాకు తోటల్లో.

సవర అంటే యాస పట్టిన తెలుగేనని ఇప్పటికీ అనేవాళ్లున్నారు. వాళ్లని ఒక గంట ఈ తాత దగ్గర కూర్చోబెట్టాలి.

జూలై 3వ ఆదివారం

వాన. ప్రయాణం మానుకున్నాను.

జూలై చివరి ఆదివారం

ఈ రోజు పులి దొరికింది.

పోలికలు నత్తనడక నడుస్తున్నాయి. సవర మాటలన్నీ పొడుగ్గా, ఖ్మేర్ మాటలు పొట్టిగా ఉంటున్నాయి. కన్సోద్ పక్కన వియత్నామీస్ చో, ఖ్మేర్ ఛ్కాయ్ పెట్టి ఏం తేల్చను? గిడుగు వారి వ్యాకరణంలో ఒక మాట చూశాను, ఞమ్‌కిద్‌తమ్. పులి నిన్ను పట్టుకుంటుంది అని దానర్థం. పులికి విడిగా చెప్పమంటే కినా అంటారు. క్రియలో దూరేసరికి కిద్ అయిపోయింది. ఞమ్ పట్టుకోవడం, కిద్ పులి, త్ ఇంకా జరగనిదనే గుర్తు, అమ్ నిన్ను. వాక్యం మొత్తం ఒక్క మాటలో కట్టేశారు. కర్త కూడా క్రియ కడుపులో ఉంది.

తాత ముందు ఆ మాట చదివాను. పకపకా నవ్వాడు. నా ఞకారం సరిచేసి, “ఏటి బాబూ, పులొచ్చి నిన్ను అట్టుకుపోతే నానేటి సెప్పాల మీ ఇంటోలకి?” అన్నాడు. ఆ ఊపులో ఆ పుస్తకంలోదే ఇంకోటి వదిలాను, పోపుఙ్‌కున్‌తమ్. నీ కడుపులో కత్తితో పొడుస్తాడు అని. పో పొడవడం, పుఙ్ కడుపు, కున్ కత్తి. మనవరాలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇలాంటివి తప్ప మంచి మాటలే లేవా సార్ ఆ పుస్తకంలో?

ఉన్నాయి. చేపని విడిగా చెబితే అయో. చేపలు పడుతున్నాడు అంటే ఞమ్‌యోతెన్, చేప ‘యో’ అయిపోయింది. సవర నామవాచకాలు చాలావాటికి రెండు రూపాలుంటాయి. ఒంటరిగా నిలబడేది ఒకటి, ఇంకో మాటలో ఒదిగేది ఒకటి. నేనేమో రెండు నెలలుగా ఒంటరి రూపాలే రికార్డు చేస్తున్నాను.

ఒదిగే రూపాలతో షీటు మళ్లీ కట్టాను. కుక్క సోద్. కాలు జెఙ్. చెయ్యి సి. నీళ్లు ద. పొట్టి మాట ఒంటరిగా నిలబడటం ఈ భాషకి కిట్టదు. అందుకని ముందు ఒక అక్షరం తగిలిస్తుంది, లేకపోతే మధ్యలో గొంతు బిగించి అచ్చుని రెండుసార్లు పలుకుతుంది. సి, సి-ఇ. జెఙ్, జె-ఎఙ్. నేను నలభై మాటలు మళ్లీ రాయడానికి కారణమైన ఆ బిగింపు ఎక్కడిదో ఇప్పుడు తెలిసింది.

ఇప్పుడు పక్కన పెట్టి చూస్తే జెఙ్‌కి ఖ్మేర్‌లో చేఙ్ లాంటి మాట, అదే అర్థం. సికి సంతాలీ తి, ఖాసీ క్తి, వియత్నామీస్ తయ్, ఖ్మేర్ డయ్. సవరలో మాత్రం తకారం సకారమైంది. సోద్, చో, ఛ్కాయ్ కూడా ఇప్పుడు ఒక ఇంటివాళ్లలా కనిపిస్తున్నారు. బియ్యం రుంకు. ఖ్మేర్‌లో బియ్యం అంగ్‌కా, వియత్నామీస్‌లో గావ్. అన్నం గింజ అంత దూరం కలిసి ప్రయాణం చేసింది.

పొట్టి రూపం అన్నీ చెబుతుందనీ కాదు. నీళ్లకి సంతాలీ దాక్, ఖ్మేర్ తిక్. పాత మాటకి చివర కకారం ఉండేది. సవర ‘ద’లో అది లేదు. ద-అ లోని గొంతు బిగింపులో దాని ఆనవాలు ఉన్నట్టుంది. పులి సంగతి ఇంకా తెగలేదు. ఖ్మేర్, ఖాసీలలో ఖ్లా అంటారు. కినాకి దానికీ లంకె కుదరక ‘పెండింగ్’ గడిలో వేశాను.

ఆగస్టు, రెండో శనివారం

చీపురు. రికార్డింగు మొదలుపెట్టే ముందు మనవరాలు వాకిలి ఊడుస్తోంది. ఊడవడం జో అట. చేతిలోది జనో. మధ్యలో నకారం ఎక్కడిదని అడిగితే ఇద్దరూ నావైపు వింతగా చూశారు. చీపురు చీపురే కదా.

నాకు మాత్రం ఒళ్లు జలదరించింది. సంతాలీలో ఊడవడం జోక్, చీపురు జొనొక్. ఖ్మేర్‌లో పుట్టడం కాత్ అయితే పుట్టుక కమ్‌నాత్. మాట కడుపు చీల్చి నకారం దూర్చి, క్రియ నుంచి నామవాచకం చేయడం! తెలుగు ఈ పని చేయదు. మనం ఏది అతికించినా చివరే, పుట్టు, పుట్టుక. మాటలు అరువు రావొచ్చు, సంతలో ఉప్పు కొన్నట్టు. వాక్యంలో మాటల వరస కూడా పక్కవాళ్లని చూసి మారొచ్చు. సవర మనలాగే క్రియని చివర పెడుతుంది, ఖ్మేర్ మధ్యలో పెడుతుంది. ఇలాంటి తేడాలవల్లే ఈ చుట్టరికం పైకి కనబడదు. మాట మధ్యలో నకారం దూర్చే పద్ధతిని మాత్రం అంత తేలిగ్గా అరువు తెచ్చుకోలేరని నా అభిప్రాయం. వంద మాటల జాబితా కన్నా ఈ ఒక్క చీపురు నన్ను ఎక్కువ ఒప్పించింది.

ఆగస్టు చివర

ఊనిక, అంటే మాటలో ఏ అక్షరం మీద బరువు పడుతుందో చూశాను. నా తెలుగు చెవికి ప్రతి మాటలో మొదటి అక్షరమే బలంగా వినిపిస్తోంది. ముండా మాటల్లో బరువు ముందు పడుతుందని, ఆగ్నేయాసియా చుట్టాల మాటల్లో వెనక పడుతుందని, రెండు కొమ్మలూ అందుకే అంత వేరుగా తయారయ్యాయని డొనెగాన్, స్టాంప్ అనే ఇద్దరు పండితులు రాశారు. అస్సాం సవర మీద లూక్ హోరో, ప్రియాంకూ శర్మా కొలిచి చూస్తే రెండో అక్షరమే బరువని తేలింది. రెండక్షరాల మాటలు ఏరి నేనూ నిడివి, గట్టిదనం కొలిచాను. కన్సోద్‌లో ‘కన్’ చటుక్కున అయిపోతోంది, ‘సోద్’ నిలుస్తోంది. నా చెవి నాకు అబద్ధం చెప్పింది. ఒక్క మనిషి గొంతుతో ఏదీ తేల్చకూడదు గానీ, ఈ ఒక్క గొంతు మటుకు హోరో వైపే ఉంది.

సెప్టెంబర్

అంకెలు చివరికి ఉంచాను, తేలికని. తేలిక కాదు.

మనవరాలు ఐదు దాకా సవరలో లెక్కపెట్టి తెలుగులోకి జారిపోయింది. సంతలో అంతా తెలుగే సార్, అంది. తాత అందుకున్నాడు. అబొయ్, బాగు, యాగి, ఉంజి, మొల్లొయ్, తుడ్రు, గుల్జి, తమ్‌జి, తింజి, గల్జి. పది అయింది. పదకొండు గల్‌ముయ్. పన్నెండు మిగ్గల్. పదమూడు దగ్గర నేను కలం కింద పెట్టాను. మిగ్గల్‌బొయ్, అంటే పన్నెండు మీద ఒకటి. పంతొమ్మిది దాకా పన్నెండు మీదే ఎక్కిస్తారు. ఇరవై బొకొడి, ఒక ఇరవై. ముప్పై తొమ్మిది కావాలంటే బొకొడి మిగ్గల్ గుల్జి, ఇరవై, పన్నెండు, ఏడు. తొంభై మూడుకి నాలుగు ఇరవైలు, ఆపైన పన్నెండూ ఒకటి. తాత ఎక్కడా ఆగలేదు. నేను ఫోన్‌లో కాలిక్యులేటర్ తీశాను. మనవరాలు నవ్వి, తాత వెనకే మెల్లిగా పలకడం మొదలుపెట్టింది.

షీటులో అంకెల దగ్గర ఒకసారి బోర్లాపడ్డాను. బాగు అంటే రెండు, వియత్నామీస్‌లో ‘బా’ కనిపించగానే కలిసిందని టిక్కు పెట్టాను. ఆ బా మూడు! రెండుకి వాళ్ల మాట హాయ్. ముండారీ ‘బర్’కీ ఈ హాయ్‌కీ మూలం ఒకటేనట, చూస్తే ఎవరూ నమ్మరు. చుట్టరికం పోలికలో లేదు, ధ్వనులు వరసగా ఎలా మారాయన్నదాంట్లో ఉంది. నాలుగుకి సంతాలీ పోన్, వియత్నామీస్ బోన్, ఖ్మేర్ బూవన్ చక్కగా వరసలో ఉన్నాయి.

ఒకటి దగ్గర ఆగిపోయాను. ఖ్మేర్ ముయ్, వియత్నామీస్ మోత్, మన పక్కనే ఒడిశా కొండల్లో బోండాల ముయిఙ్. సవర అబొయ్ ఒక్కటే వీటిలో కలవలేదు. పులి పక్కన ‘పెండింగ్’లో వేసేశాను.

అది రాసి వారమైంది. నిన్న రాత్రి ఫైళ్లకి పేర్లు పెడుతూ పదకొండు దగ్గరికి వచ్చాను. గల్‌ముయ్. గల్ పది. మరి ముయ్? పది మీద ఎంతైతే పదకొండు?

మొదటి రోజు కూడా తాత సరదాగా అంకెలు చెప్పిన గుర్తు. ‘చెత్త’ ఫోల్డర్ తెరిచాను. కోడికూతల మధ్య గుల్జి, తమ్‌జి, తింజి, గల్జి. పదకొండు చివర బిగుసుకునే హల్లు లేదు, యకారమే. ఫోన్ దాన్ని మింగలేదు. గల్‌ముయ్ అని స్పష్టంగా ఉంది. షీటు తెరిచి, అబొయ్ పక్కన ఖాళీ గడిలో ముయ్ అని ఎక్కించాను. పులి ఇంకా పెండింగే.